మెడ్వే నది బల్లమీదికి: 1667 నమూనా ప్రాజెక్టు డైరీ

జనవరి

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు వచ్చింది. హాల్లో సోఫా వెనక్కి జరిపి, రెండు పాత టేబుళ్లమీద పరిచాను. దీనిమీద 1667 జూన్ నాటి మెడ్వే నది తయారవ్వాలి. థేమ్స్ ముఖద్వారం పక్కనే సముద్రంలో కలిసే నది అది. కింద షీర్నెస్ కోట, పైకి వస్తే గిల్లింగ్‌హామ్ దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసు, ఇంకా పైన అప్‌నోర్ కోట, దాని ఎదురుగా చాథమ్ నౌకానిర్మాణ కేంద్రం. ఇంగ్లండు రాజు పెద్ద యుద్ధనౌకల్ని చాలావరకు కట్టేసి ఉంచింది అక్కడే. డచ్చివాళ్లు, అంటే హాలండ్‌వాళ్లు, ఆ నదిలోకి వచ్చి, మూడిటిని తగలబెట్టి, అన్నిటికంటే పేరున్న ఓడను తాడేసి లాక్కుపోయారు.

నమూనాలు చేసే మిత్రులు ఎక్కువగా ఒకే ఓడ ఎత్తుకుని ఏళ్లతరబడి చెక్కుతారు. నాకు అంత ఓపిక లేదు, కోరికా లేదు. ఓడ ఎంత అందంగా ఉన్నా అది ఎందుకు ఓడిపోయిందో చెప్పదు. నది మొత్తం పెడితే చెబుతుందని నా ఆశ.

తెలియనివాళ్లకోసం నాలుగు ముక్కలు. ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలోనే మూడు యుద్ధాలు చేసుకున్నారు: 1652–54, 1665–67, 1672–74. నాలుగోది 1780–84లో. ఇద్దరూ ప్రొటెస్టెంట్లే, ఇద్దరి చూపూ సముద్రంమీదే. సరుకు ఎవరి ఓడల్లో పోవాలన్నదే తగాదా. 1651లో ఇంగ్లండు చేసిన నావిగేషన్ చట్టం ప్రకారం ఇంగ్లండుకి వచ్చే యూరప్ సరుకు ఇంగ్లీషు ఓడల్లోనో, సరుకు పుట్టిన దేశం ఓడల్లోనో రావాలి. ఊరూరి సరుకూ మోసి బతికే డచ్చివాళ్లకు అది నోటికాడ కూడు తీసెయ్యడమే. నేను చేసేది రెండో యుద్ధం ఆఖరి అంకం.

ఫిబ్రవరి మొదట్లో

స్కేలు దగ్గరే బేరం మొదలైంది. ఓడలు 1:700లో చేస్తే పెద్దది ఏడెనిమిది సెంటీమీటర్లు వస్తుంది, చేతికి అందుతుంది, కంటికి ఆనుతుంది. కానీ అదే స్కేల్లో షీర్నెస్ నుంచి చాథమ్ దాకా నది వెయ్యాలంటే మా ఇల్లు సరిపోదు, పక్కింటివాళ్ల హాలు కూడా కావాలి. అందుకని నదిని కుదించాను. ఓడలదొక కొలత, నీళ్లదొక కొలత. వంపులు మాత్రం వదల్లేదు. గిల్లింగ్‌హామ్ వంపు, అప్‌నోర్ వంపు లేకపోతే ఫిరంగులు ఎటు చూసేవో, ఓడలు ఎందుకు మెల్లిగా వచ్చాయో అర్థం కాదు.

గట్లకు థర్మోకోల్, దానిమీద పేపరు గుజ్జు, ఫెవికాల్. మెడ్వే గట్లు ఎత్తైనవి కావు. అటూ ఇటూ బురద, చిత్తడి గడ్డి. పోటు వస్తే మునిగిపోయి, ఆటు వస్తే బయటపడే బురద మేటలు. ఈ బురదకే నా టైమంతా పోయింది. గోధుమరంగు, బూడిదరంగు, కాస్త ఆకుపచ్చ కలిపి మూడు పొరలు వేస్తేగానీ తడి బురదలా కనబడలేదు. పైన మెరుపుకి వార్నిష్. మా ఆవిడ వచ్చి చూసి, "ఇంత కష్టపడి బురద చేస్తారా ఎవరైనా?" అంది.

బురదే అసలు పాత్రధారి అని నా వాదన. ఈ నదిలోకి పరాయివాడు రాలేడన్న ధీమా ఇంగ్లీషువాళ్లకు ఈ బురదవల్లే వచ్చింది. డచ్చివాళ్ల తీరమూ ఇలాంటిదే, ఇసుక మేటలు, లోతు లేని కాలువలు. అందుకే వాళ్ల ఓడల అడుగు వెడల్పు, నీళ్లలోకి దిగేది తక్కువ. ఇంగ్లీషు పెద్ద ఓడలు లోతుగా దిగేవి. సముద్రంలో గాలికి బాగా నిలబడేవి, నదిలోకి వస్తే మాత్రం అడుగడుక్కీ లోతు కొలుచుకోవాల్సిందే.

ఫిబ్రవరి చివర

ఓడల పొట్టలు మొదలు. బాల్సా చెక్క కొని పెట్టుకున్నాను కానీ మా మేనల్లుడు త్రీడీ ప్రింటర్ ఉందంటూ ముందుకొచ్చాడు. వాడు ప్రింట్ చేస్తాడు, నేను గీకి, రంగు వేస్తాను అని ఒప్పందం. డచ్చి ఓడకీ ఇంగ్లీషు ఓడకీ వెనక భాగంలో తేడా ఉంది. డచ్చి ఓడ వెనక నీటిమట్టం దగ్గర చదునుగా, పలక కొట్టినట్టు ఉంటుంది. ఇంగ్లీషు ఓడకు అక్కడ పలకలు గుండ్రంగా వంగి లోపలికి పోతాయి. ఏడు సెంటీమీటర్ల ఓడలో ఇది ఎవరికీ కనబడదని వాడి వాదన. నాకు కనబడుతుంది, చాలు.

డచ్చి ఓడలకు తెరచాపలు, తాళ్లు, జెండాలు అన్నీ పెట్టాం. తెరచాపలకు ట్రేసింగ్ పేపరు టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టాను. తాళ్లకు నల్ల దారం.

ఇంగ్లీషు ఓడల దగ్గరికి వచ్చేసరికి పని తేలికైపోయింది, ఎందుకంటే వాటికి పెట్టాల్సినవి ఏమీ లేవు. డచ్చివాళ్లు లాక్కుపోయిన రాయల్ చార్లెస్ 80 ఫిరంగుల ఓడ. దాన్ని పట్టుకున్నప్పుడు మీదున్నవి ముప్పై చిల్లర. తెరచాపలు లేవు, పై స్తంభాలు దింపేశారు, మనుషులు నామమాత్రం. దసరా అయిపోయాక గుడ్డలు విప్పేసిన పందిరిలా ఉంది నా బల్లమీద.

"మామయ్యా, మన ఓడలు బోడిగా ఉన్నాయి. చూసేవాళ్లు ఇంకా పూర్తి కాలేదనుకుంటారు," అన్నాడు మేనల్లుడు.

"పూర్తి కానిది వాళ్ల జీతాల లెక్క రా," అన్నాను.

ఈ ప్రాజెక్టుకి మూలం అదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. యుద్ధానికి ఇంగ్లీషు పార్లమెంటు మొదట్లోనే 25 లక్షల పౌండ్లు ఒప్పుకుంది. అంతకుముందు ఏ రాజుకీ అంత డబ్బు ఒక్క యుద్ధానికి ఇవ్వలేదు. 1665లో లోస్టాఫ్ట్ దగ్గర గెలిచారు కూడా. డచ్చి సేనాని ఓబ్డమ్ తన ఓడతో సహా పేలిపోయాడు. కానీ అదే ఏడు లండన్‌లో ప్లేగు, మరుసటి ఏడు సెప్టెంబరులో లండన్‌లో పెద్ద భాగం కాలిపోయిన అగ్నిప్రమాదం. 1666 జూన్‌లో నాలుగు రోజులపాటు సాగిన సముద్రయుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు గట్టి దెబ్బ తగిలింది. ఆగస్టులో మళ్లీ వాళ్లదే పైచెయ్యి. డచ్చి తీరంలో వ్లీ దగ్గర లంగరేసిన 140కి పైగా డచ్చి వర్తక ఓడల్ని, టెర్షెలింగ్ దీవిలో ఒక ఊరిని తగలబెట్టి వచ్చారు. డచ్చివాళ్లు అది మరిచిపోలేదు.

1667కి రెండో చార్లెస్ రాజు ఖజానా ఖాళీ. ఎలాగూ సంధి మాటలు నడుస్తున్నాయి కదా, పెద్ద ఓడల్ని కట్టేసి, మనుషుల్ని పంపించేస్తే ఖర్చు మిగులుతుందని లెక్క వేశారు. పంపించేసినవాళ్లకు డబ్బు ఇచ్చారా అంటే అదీ లేదు. జీతం చీటీలు ఇచ్చారు. డబ్బు వచ్చినప్పుడు ఇస్తాం అని రాసిన కాగితాలు. నావికులు వాటిని సగానికి పావుకి ఎవరికో అమ్ముకుని ఇంటికి అద్దె కట్టేవాళ్లు.

నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పెపీస్ తన డైరీలో రాసుకున్న ఒక సంగతి నన్ను వదలడం లేదు. డచ్చి ఓడలమీద ఇంగ్లీషు నావికులు ఉన్నారట. ఇంతకుముందు చీటీలకోసం పోరాడాం, ఇప్పుడు డాలర్లకోసం పోరాడుతున్నాం అని అక్కడినుంచి అరిచారట. డాలర్లంటే డచ్చి వెండి నాణేలు. షీర్నెస్‌లో గట్టుమీద దిగిన డచ్చి సైనికులకు నాయకుడే థామస్ డోల్మన్ అనే ఇంగ్లీషువాడు.

కాబట్టి నమూనాలో బోడి ఓడల్ని బోడిగానే ఉంచుతున్నాం. చాథమ్ గట్టుమీద ఖాళీ బల్లలు, కాగితాలు పట్టుకున్న కొద్దిమంది మనుషులు. బియ్యపు గింజంత మనిషి చేతిలో చీటీ కనబడాలంటే తెల్లరంగు చుక్క ఒకటి పెట్టాలి. పెట్టాను.

మార్చి

గొలుసు. బేగంబజార్‌లో ఇమిటేషన్ నగల సామాను అమ్మే దుకాణంలో మీటరు లెక్కన సన్న గొలుసు దొరికింది. ఇత్తడి రంగు. ముందు నల్లరంగు, పైన తుప్పు రంగు వేశాక ఇనుములా కనిపించింది.

అసలు గొలుసు గిల్లింగ్‌హామ్ దగ్గర ఈ గట్టునుంచి ఆ గట్టుకి కట్టారు. రెండు చివర్లా ఫిరంగులు. బరువుకి మధ్యలో కిందికి దిగిపోకుండా తేలే దుంగల వేదికలమీద ఆనించారు, అయినా దిగింది. దాని వెనక కాపలాగా చార్లెస్ ఫిఫ్త్, మథియాస్ అనే రెండు ఓడలు, ముందు యూనిటీ. తమాషా ఏమిటంటే ఆ మూడూ అంతకుముందు డచ్చివాళ్ల దగ్గర పట్టుకున్నవే. గొలుసుకి ముందు, డచ్చివాళ్లు వచ్చే దారిలో, కొన్ని పాత ఓడల్ని ముంచేశారు, అడ్డుగా ఉంటాయని.

డచ్చి వైపు: మొత్తానికి సేనాని మిఖీల్ డి రాయ్టర్. నదిలోకి దళాన్ని నడిపింది వాన్ గెంట్. ప్రభుత్వం తరఫున వెంట వచ్చినవాడు కార్నెలిస్ డి విట్. హాలండ్ రాజకీయాన్ని నడిపే యోహాన్ డి విట్‌కి అన్నగారు. గొలుసుమీదికి పోతానని ముందుకొచ్చినవాడు యాన్ వాన్ బ్రాకెల్ అనే కెప్టెన్. క్రమశిక్షణ తప్పాడని అప్పటికి నిర్బంధంలో ఉన్నాడు. నన్ను వదిలితే వెళ్తానన్నాడు. వదిలారు. తన వ్రెడె ఓడతో వెళ్లి యూనిటీని పట్టేసుకున్నాడు. వెనకాలే నిప్పు ఓడలు వచ్చాయి. నిప్పు ఓడంటే తారు, గంధకం నింపి, శత్రువుకి తగిలించి అంటించేసే పాత ఓడ. మొదటిది గొలుసుని తెంచలేకపోయింది. రెండోది ప్రో పాట్రియా, అది దాటింది, మథియాస్‌ని అంటించింది.

గొలుసు ఎలా పోయిందన్న దగ్గర నాకు చిక్కు వచ్చింది. ఓడ తాకిడికి తెగిందని ఒక కథనం. డచ్చివాళ్లు గట్టు దిగి చివర ఊడదీశారని ఇంకొకటి. బల్లమీద రెండూ పెట్టలేం కదా. నేను ఓడ పక్షాన ఉన్నాను, ఎందుకంటే చూడ్డానికి బాగుంటుంది. చరిత్రకారులు ఒప్పుకోకపోతే గొలుసు చివర అతికించలేదు, ఊడదీసి పెట్టేస్తాను.

ఉగాది తర్వాత

గొలుసు తర్వాత మిగతా మార్చంతా ఆఫీసు పని. మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను.

నిప్పు పెట్టే పని మేనల్లుడిది. మినుకుమినుకుమనే చిన్న ఎల్‌ఈడీలు, పైన నల్లరంగు అద్దిన దూది. అప్‌నోర్ దగ్గర కాలేవి మూడు పెద్ద ఓడలు: రాయల్ జేమ్స్, లాయల్ లండన్, రాయల్ ఓక్. గొలుసు పోయిన మర్నాడు కాలాయి. డచ్చివాళ్ల చేతికి చిక్కకూడదని ఇంగ్లీషువాళ్లే వాటిని లోతు తక్కువ చోట ముంచేసి ఉంచారు. నీళ్లపైన ఉన్నదే కాలింది. అందుకని ఆ మూడిటి పొట్టల్ని డెక్కుకి కాస్త కింద కోసేసి, నీళ్లలో కూర్చోబెట్టాం. రంపపు పని బాగా కుదిరింది.

రాయల్ ఓక్‌మీద ఒక్క మనిషిని పెట్టాను. కెప్టెన్ ఆర్చిబాల్డ్ డగ్లస్. ఓడ వదిలి వెళ్లకుండా అందులోనే కాలిపోయాడు. అప్‌నోర్ కోట ఫిరంగులు మాత్రం గట్టిగానే పేలాయి. ఎలిజబెత్ రాణి కాలంలో ఆ నదికోసమే కట్టిన కోట అది. ఇప్పటికీ ఉంది.

ఇక్కడ నమూనాలు చేసేవాళ్లం మనసులో ఉంచుకోవాల్సిన మనిషి ఒకడున్నాడు. పీటర్ పెట్, చాథమ్ కమిషనర్. తరాలుగా ఓడలు కట్టే కుటుంబం. రాయల్ చార్లెస్‌ని కట్టినవాడు కూడా ఇతనే, 1655లో. అప్పుడు దాని పేరు నేస్‌బీ, రాజు సేనలమీద క్రామ్‌వెల్ గెలిచిన యుద్ధం పేరు. 1660లో అదే ఓడ చార్లెస్‌ని హాలండ్ తీరంనుంచి ఇంగ్లండుకి తెచ్చింది, పేరు మారింది. డచ్చివాళ్లు వస్తున్నారన్నప్పుడు పెట్ పడవల్ని దేనికి వాడాడయ్యా అంటే, తన దగ్గరున్న ఓడల నమూనాల్ని దాచడానికి! తర్వాత విచారణలో నిలదీస్తే, ఓడలకంటే ఆ నమూనాలే డచ్చివాళ్లకు ఎక్కువ పనికొచ్చేవి అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వను. ఒక ఓడ పోతే ఒక ఓడే పోతుంది. నమూనా పోతే కొలతలూ వంపులూ అన్నీ పోతాయి. రాజు తప్పు, మంత్రుల తప్పు, ఖజానా తప్పు అంతా తీసుకెళ్లి అతని నెత్తిన పెట్టారు. చాథమ్ గట్టున చిన్న పడవ, దాంట్లో ఇంకా చిన్న ఓడ, పక్కన పెట్. ఈ ముక్కకి ఎంత టైం పట్టినా విసుగు రాలేదు.

మే

రాయల్ చార్లెస్‌ని ఎలా పెట్టాలన్నది తేలింది. కట్టేసి ఉన్నప్పుడు కాకుండా, పోతున్నప్పుడు పెడుతున్నాను. దాన్ని పట్టుకోవడానికి పడవలో వచ్చినవాళ్లు తొమ్మిదిమందేనని పెపీస్ విన్నాడు. ఒకడు ఎక్కి జెండా దింపేశాడు, ఒకడు బాకా ఊదాడు. అంత లోతైన ఓడ ఆ నదిలోంచి బయటికి ఎలా పోతుందని ఇంగ్లీషువాళ్లు చూస్తుండగానే, డచ్చివాళ్లు దాన్ని ఒక పక్కకి ఒరగదీసి, నీళ్లలో దిగే లోతు తగ్గించి, లాక్కుపోయారు. చాథమ్‌లో ఓడలకు దారి చూపే ఆరితేరిన పైలట్ కూడా ఆ గాలిలో, ఆ నీళ్లలో అంత పనికి పూనుకోడని పెపీస్ బాధగా మెచ్చుకున్నాడు. నా ఓడకూ ఒక వైపు కింద అట్టముక్క పెట్టి ఒరగదీసి, ముందు రెండు డచ్చి పడవలకు దారం కట్టాను.

హాలండ్ చేరాక ఆ ఓడ ఎందుకూ పనికిరాలేదు. వాళ్ల తీరానికి అది మరీ లోతు. హెల్లెవుట్‌స్లుయిస్‌లో కట్టేస్తే జనం తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చి చూసిపోయేవాళ్లు. 1673లో విడగొట్టి అమ్మేశారు. వెనక భాగంలో సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న రాజముద్ర చెక్క మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని సూదిమొనతో బంగారు రంగు చుక్కలుగా పెట్టాను. భూతద్దం లేకపోతే పసుపు మచ్చే.

నీళ్లకు రెజిన్ పోశాం, గట్టిపడితే గాజులా కనబడే జిగురు ద్రవం. హైదరాబాద్ మే ఎండ రెజిన్‌కి మహా ఇష్టం. కలిపినంతసేపు పట్టలేదు గట్టిపడడానికి. ఉదయం ఆరులోపు పల్చగా పొరలు పొరలుగా పోసుకున్నాం.

జూన్

నది పూర్తయింది. కానీ కుడివైపు మూల ఒక అడుగు ఖాళీ ఉంది, దాన్ని మొదటినుంచీ వదిలిపెట్టాను. అక్కడ సంధి జరిగిన డచ్చి ఊరు బ్రెడా వస్తుంది.

ఈ దాడిని ఎక్కడ చూసినా డచ్చివాళ్ల సాహసకథలాగా చెబుతారు. సాహసం ఉంది, కాదనను. కానీ దాడి జరిగే నాటికే నెలరోజులుగా బ్రెడాలో రెండు దేశాల రాయబారులు కూర్చుని ఉన్నారు. స్వీడన్ మధ్యవర్తి. ఇంగ్లండు తరఫున హోలిస్, కోవెంట్రీ. చార్లెస్ సాగదీస్తున్నాడు. మే నెలలో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ పక్కనున్న స్పానిష్ నెదర్లాండ్స్‌మీదికి సైన్యాన్ని నడిపించాడు. ఇంటి గుమ్మం ముందు ఫ్రెంచి సైన్యం ఉంటే యోహాన్ డి విట్‌కి ఇంగ్లండుతో త్వరగా తేల్చుకోవాలని టెన్షన్. చర్చలు కదలాలంటే నదిలో ఓడలు కదలాలని నిర్ణయించి, సొంత అన్ననే దళంతో పంపాడు. చాథమ్‌ని పూర్తిగా నాశనం చెయ్యకుండానే డచ్చివాళ్లు వెనక్కి తిరిగారు. ఆ తర్వాత కొన్ని వారాలు థేమ్స్ నోట్లో అడ్డంగా కూర్చున్నారు. లండన్‌కి బొగ్గు న్యూకాసిల్‌నుంచి సముద్రంమీదే వస్తుంది, ధర మండిపోయింది. చాథమ్ కబురు విన్న పెపీస్ బంగారమిచ్చి భార్యనీ తండ్రినీ ఊరికి పంపేస్తే, వాళ్లు దాన్ని తోటలో పాతిపెట్టారు. జూలై 31న సంధి.

బ్రెడా మూలలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బల్లమీద మూడు అట్టముక్కలు. ఒకటి న్యూయార్క్: డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ని 1664లోనే ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు, అది వాళ్లకే ఉండిపోయింది. రెండోది సురినామ్: 1667 ఫిబ్రవరిలో డచ్చివాళ్లు పట్టుకున్నారు, వాళ్లకే. మూడోది బందా దీవుల్లోని రన్, జాజికాయ దీవి. ఇంగ్లీషువాళ్లు ఎన్నేళ్లుగానో నాదంటే నాదని పోట్లాడుతున్నది డచ్చివాళ్లకి పోయింది. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లదే అన్న సూత్రం. పైగా నావిగేషన్ చట్టంలో సడలింపు: రైన్ నది మీదుగా వచ్చే జర్మన్ సరుకుని డచ్చి సరుకుగా లెక్కెయ్యొచ్చు. నన్నడిగితే డచ్చివాళ్లు గెలుచుకున్నది ఈ చివరిదే.

రన్ ముక్క పక్కన చిన్న గుడ్డపేలిక పెట్టాను, కలంకారీ అంచు. అలంకారానికి కాదు. ఆ దీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే వెండికంటే కోరమాండల్ తీరం గుడ్డ ఎక్కువ చెల్లేది. అందుకే డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నం వచ్చి కూర్చున్నారు. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. మూడో యుద్ధంలో, 1673లో, రెండు కంపెనీల ఓడలూ ఆ తీరం దగ్గరే కొట్టుకున్నాయి కూడా. ఇంగ్లీషువాళ్లు ఓడలు పోగొట్టుకున్నారు. అది వేరే బల్లకి సరిపడా కథ.

మిగిలింది నమూనా పక్కన పెట్టే వివరాల చీటీలు రాయడం. ఇంగ్లీషువాళ్లు పాత జూలియన్ క్యాలెండరు వాడేవాళ్లు, హాలండ్‌వాళ్లు కొత్త గ్రెగోరియన్‌ది. గొలుసు పోయింది లండన్‌లో జూన్ 12న, ఆమ్‌స్టర్‌డామ్‌లో జూన్ 22న. రెండు తేదీలూ రాస్తే చీటీ పట్టదు. ఇంగ్లీషు ఓడల దగ్గర ఇంగ్లీషు తేదీ, డచ్చి ఓడల దగ్గర డచ్చి తేదీ, బ్రెడా బల్ల దగ్గర డచ్చి తేదీ రాస్తున్నాను. మేనల్లుడు మాత్రం క్యూఆర్ కోడ్ పెడదామంటున్నాడు.

ఎల్‌ఈడీల వైరు ఒకటి అప్‌నోర్ కింద వదులైంది, రాయల్ జేమ్స్ ఆరిపోయి వెలుగుతోంది. ఆదివారం సోల్డరింగ్. ఆ తర్వాత పైన అద్దం పెట్టె చేయించాలి. కొలతలు రాసి ఉంచాను, రాయల్ చార్లెస్ స్తంభానికి పైన రెండంగుళాలు వదిలి.